డిజైన్ తరగతిలో మొదటి పాఠం

ప్రశ్న: డిజైన్‌లో కొత్తగా చేరినవారికి ముందుగా ఏం నేర్పాలి? – అధ్యాపకురాలు, శ్రీకూర్మం

జవాబు: డిజైన్ బోధన చూడటంతో మొదలవుతుంది, కంప్యూటర్ తర్వాత. శ్రీకూర్మం ఆలయమే అందుకు మంచి తరగతి గది. మూలవిరాట్టు పడమటి ముఖంగా ఉంటుంది, ధ్వజస్తంభాలు రెండు. భక్తులు ఎటునుంచి వస్తున్నారు, ఎక్కడ తడబడుతున్నారు, దారి ఎవరిని అడుగుతున్నారు అన్నది విద్యార్థి సొంత అభిప్రాయం కలపకుండా గీసి, రాసుకోవాలి. అందులోంచి ఒక్క ఇబ్బందినే ఎంచుకుని, అట్టముక్కలతో నమూనా చేసి, వృద్ధుల చేత వాడించి చూడాలి. కుదరని నమూనాకూ మార్కులు ఇవ్వాలి. లేకుంటే అందమైన బొమ్మలే వస్తాయి.

పనిముట్ల పాఠానికి పొందూరు దగ్గరే. అక్కడ ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నని పళ్ల వరుస చెత్తను విడదీసి, పోగులను సాపు చేస్తుంది. ఆ ఎముకకు బదులు మరొకటి తయారుచేయమనడం రెండో నెలకు సరైన అభ్యాసం.