రాయి వయసు ఎట్లా తెలుస్తుంది?

గుడుపల్లె మండలంలో బిసానత్తం ఉంది. అక్కడి నేలలో బంగారు రాయి ఉంది. పక్కనున్న కోలారు గనులదీ ఇదే రాతి పట్టీ. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

ఈ పట్టీలోని రాళ్లకు 250 కోట్ల ఏళ్లు దాటాయని శాస్త్రవేత్తలు చెబుతారు. మన ముత్తవ్వ ఏ ఏడు పుట్టిందో మనకు తెలీదు. మరి రాయి వయసు వాళ్లకెట్లా తెలిసింది? ఇది అడగవలసిన ప్రశ్నే.

కొన్ని రాళ్లలో జిర్కాన్ అనే సన్నని రవ్వలు ఉంటాయి. అవి ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తమలో కలుపుకుంటాయి. సీసాన్ని దాదాపు రానివ్వవు. తర్వాత ఆ యురేనియం పరమాణువులు ఒక్కొక్కటిగా సీసంగా మారుతుంటాయి.

ఏ పరమాణువు ఎప్పుడు మారుతుంది? ఎవరూ చెప్పలేరు. అయితే లెక్క ఎట్లా కుదురుతుంది?

చింతగింజలు చూడండి. ఒక పక్క అరగదీసిన గింజలు 100 తీసుకోండి. చేత పట్టి నేల మీద వేయండి. తెల్లగా పడినవి తీసేయండి. సుమారు 50 మిగులుతాయి. వాటిని మళ్లీ వేయండి. సుమారు 25 మిగులుతాయి. ఏ గింజ పోతుందో తెలీదు. ఎన్ని పోతాయో తెలుసు.

పది గింజలే వేస్తే మూడే పోవచ్చు, ఏడూ పోవచ్చు. గింజలు పెరిగేకొద్దీ లెక్క సగానికి దగ్గరవుతుంది. చిన్న రవ్వలో కూడా కోట్లకు కోట్లు పరమాణువులు ఉంటాయి. అందుకే లెక్క తప్పదు.

యురేనియం సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు ఎవరు కాచుకున్నారు? కాచుకోనక్కర లేదు. ఒక గ్రాములో సెకనుకు సుమారు 12 వేల పరమాణువులు మారుతాయి. వాటిని లెక్కపెట్టి ఈ కాలం కట్టారు. రవ్వలో మూడో వంతు మారి ఉంటే వయసు సుమారు 260 కోట్ల ఏళ్లు.

తప్పు రాదా? వస్తుంది. రాయి బాగా కాగితే సీసం కొంత బయటికి పోవచ్చు. అప్పుడు వయసు తక్కువగా కనిపిస్తుంది. దీనికీ ఉపాయం ఉంది. యురేనియంలో ఇంకో రకం 70 కోట్ల ఏళ్లకే సగమవుతుంది. ఒకే రవ్వలో రెండు గడియారాలు ఉన్నట్టు. రెండూ ఒకే వయసు చూపితే నమ్మవచ్చు. చూపకపోతే ఏదో జరిగిందని తెలుస్తుంది.

పెద్ద చదువులవాళ్లు చెప్పారని ఏదీ నమ్మనక్కర లేదు. ఎట్లా లెక్కించారో అడగండి.

చేసి చూడండి: 40 చింతగింజలతో ఈ ఆట ఆడండి. ప్రతిసారి ఎన్ని మిగిలాయో పలక మీద రాయండి.