బచ్చలింట్లో గీజరు, గోడకు ఫ్యాను

చెల్లీ, నువ్వడిగింది చిన్న మాటే. బచ్చలింట్లో గ్యాస్ గీజరుంది, స్నానం చేస్తుంటే ఆవిరి కమ్ముకుని ఊపిరాడనట్టుంటోంది, గోడకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తే సరిపోతుందా అని. సరిపోదమ్మా. ఒక్కోసారి ఆ ఫ్యానే ప్రాణం మీదికి తెస్తుంది కూడా. ఎందుకో నింపాదిగా చెప్తాను, పని పక్కన పెట్టి విను.

మన హిందూపురం, పెనుకొండ చలి సంగతి నీకు తెలియంది కాదు. 600 మీటర్ల ఎత్తు మీదున్న ఊరు హిందూపురం, కార్తీకం దాటిందంటే పొద్దున్నే చన్నీళ్లు ముట్టుకోలేం. అమ్మ కాలంలో అయితే పెరట్లో మూడు రాళ్ల మీద అండా, దాని కింద కంపకట్టెలు. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కండ్లు ఎర్రబడేవి గానీ, ఆ పొగంతా ఆకాశంలోకి పోయేది. ఇప్పుడు పెరడు ఎక్కడుంది? యర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో నడవడం మొదలయ్యాక పెనుకొండ చుట్టూ అద్దెలకే కట్టిన మిద్దెలు చూడు. నాలుగడుగుల బచ్చలి, పైన జానెడు వెంటిలేటరు, దానికీ దోమలొస్తాయని అట్టముక్క అడ్డం. ఆ గదిలోనే గోడకు గీజరు తగిలించి, గ్యాసు బండను తలుపు పక్కన నిలబెట్టి పోతారు. కరెంటు పోయినా ఉడుకునీళ్లు వస్తాయని మనమూ సంతోషపడతాం.

ఆ డబ్బాలో మంట ఏం చేస్తుందో చూడు. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లు కాచే గీజరులో మంట చిన్నది కాదు. వంటింటి పొయ్యి మీది పెద్ద బర్నర్లు నాలుగైదు ఒకేసారి పూర్తిగా తిప్పి వెలిగించినంత. ఒక లీటరు గ్యాసు సరిగా మండాలంటే దాదాపు 30 లీటర్ల గాలి కావాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి మొత్తం కలిపి దాదాపు 5,400 లీటర్లే. తలుపు, కిటికీ బిగించి పావుగంట గీజరు నడిపితే, లెక్క ప్రకారం, ఆ గాలిలోని ఆక్సిజన్‌లో సగం దాకా మంటకే కావాలి. మిగిలిన దాంతో నువ్వు ఊపిరి పీల్చాలి.

గాలి చాలనప్పుడు మంట సగం సగంగా మండుతుంది. అప్పుడు వచ్చేదే కార్బన్ మోనాక్సైడ్. "నాకు గ్యాసు వాసనేం రాలేదే అక్కా" అంటావు. ఎట్లా వస్తుంది? బండలోని గ్యాసుకు సొంతంగా వాసన దాదాపు లేదు. కారితే మనకు తెలియాలని కంపెనీలు ఇథైల్ మెర్కాప్టన్ అనేది కలుపుతాయి, ఆ కుళ్లు వాసన దానిది. మంటలో అదీ కాలిపోతుంది. మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, కండ్లు కూడా మండవు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే గంటల తరబడి వదలదు.

ముందు తల బరువెక్కుతుంది. తర్వాత వికారం, కండ్లు తిరగడం. ఉపవాసం ఉన్నాం కదా, నీరసమేమో అనుకుంటాం. అంతలో కాళ్లల్లో సత్తువ పోతుంది. గడియ తీయాలని తెలుస్తూనే ఉంటుంది, చెయ్యి లేవదు. కొందరికి మూర్ఛ వస్తుంది. అంతకుముందు ఎన్నడూ ఫిట్స్ లేని మనిషి స్నానాల గదిలో మాత్రమే పడిపోతుంటే మూర్ఛ రోగమని ఏళ్ల తరబడి మాత్రలు మింగించకుండా, ఇంట్లో గ్యాస్ గీజరు ఉందా అని అడిగే డాక్టరు దొరకడం అదృష్టం. మన దేశంలో న్యూరాలజీ డాక్టర్లు ఇట్లాంటివి ఎన్నో చూసి, గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని దీనికి పేరే పెట్టుకున్నారు.

ఇంకొక్కటి, ఇది చాలామందికి తెలియదు. కరోనా కాలంలో మనమంతా వేలికి తగిలించే ఆక్సిమీటర్ కొన్నాం కదా. మోనాక్సైడు పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చదువుతుంది. పడిపోయిన మనిషి వేలికి పెడితే 98 చూపిస్తుంది. ఆ అంకె చూసి మజ్జిగ తాగించి పడుకోబెట్టొద్దు. తలుపు, కిటికీలు బార్లా తెరిచి, గీజరు ఆపి, మనిషిని వెంటనే బయటి గాలికి తెచ్చి 108కి ఫోన్ చెయ్యి. ఆసుపత్రిలో మొట్టమొదటి మాటగా "గ్యాస్ గీజరున్న బచ్చలింట్లో పడిపోయింది" అని చెప్పు. ఆ ఒక్క మాటతో వాళ్లు రక్తపరీక్ష ఏది చెయ్యాలో, ఆక్సిజన్ ఎంత పెట్టాలో చూసుకుంటారు.

ఇక నీ ఫ్యాను సంగతికి వస్తాను. ఎగ్జాస్ట్ ఫ్యాను గాలిని బయటికి తోస్తుంది, నిజమే. కానీ బయటికి పోయినంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. తలుపు కింద సందు లేదు, వెంటిలేటరు మూసేశారు, అప్పుడు ఫ్యాను తిరుగుతున్న శబ్దం వస్తుందే తప్ప గాలి కదలదు. మూత బిగించిన సీసాలోంచి నీళ్లు ఒంపబోయినట్టే. గీజరుకు పొగగొట్టం ఉంటే ఇంకా ప్రమాదం. మిగతా దారులన్నీ మూసి ఉంటే ఫ్యాను ఆ గొట్టంలోంచే గాలిని వెనక్కి లాగుతుంది. పైకి పోవాల్సిన కాలిన గాలి నీ నెత్తి మీదికి దిగుతుంది. కొనేటప్పుడు ఎవరూ ఈ మాట చెప్పరు, పెద్ద ఫ్యాను పెడితే మంచిదంటారు. గాలి వచ్చే దారి లేని గదిలో ఫ్యాను ఎంత పెద్దదైతే అంత చెడ్డది.

వంటింటి చిమ్నీ కూడా ఇదే పని చేస్తుంది. ఇప్పటి చిమ్నీలు గంటకు వెయ్యి ఘనమీటర్ల గాలి లాగుతాయని అట్టపెట్టె మీదే రాస్తున్నారు. గీజరు వంటింటి పక్కనున్న చిన్న గదిలో బిగించి, రెండిటి మధ్యా తలుపు తెరిచి ఉండి, కిటికీలు మూసి ఉంటే, ఇటు పోపు వేస్తూ చిమ్నీ ఆన్ చేసిన మనిషి అటు గీజరు పొగను ఇంట్లోకి పిలుస్తున్నట్టే. అందుకే చిమ్నీ వేసినప్పుడల్లా ఒక కిటికీ తెరిచి పెట్టు, చలేసినా సరే.

కరెంటు పోతే ఏమవుతుందో ఆలోచించావా? గీజరు రెండు బ్యాటరీలతో వెలుగుతుంది, మండుతూనే ఉంటుంది. ఫ్యాను ఆగిపోతుంది. నీకు రక్ష అనుకున్నది ఆగిపోయి, ప్రమాదం మాత్రం నడుస్తుంది. ఫ్యాను మీద ఆధారపడే ఏర్పాటు మన ఊళ్లో ఎట్లా నమ్ముతాం చెప్పు.

అదే ఫ్యాను గ్యాసు కారినప్పుడు ఇంకో రకంగా ముప్పు. కుళ్లు వాసన తగలగానే చెయ్యి తనంతట తానే ఎగ్జాస్ట్ స్విచ్ మీదికి పోతుంది. పోనివ్వొద్దు. ఆ స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. లైటు వెయ్యొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పనూ వద్దు. రెగ్యులేటరు తిప్పి, తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చాక, బయటనుంచి 1906కి ఫోన్ చెయ్యాలి. గ్యాసు గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. కాబట్టి పైన కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు, కింద తలుపు తెరిచి ఉండాలి. బండను అరలో పెట్టి తలుపు మూసే వాళ్లు ఆ అర తలుపుకు కింది భాగంలో రంధ్రాలు పెట్టించుకోవాలి.

ఫ్యాను గాలి మంటకు మేలు చేసే చోటూ ఉంది. ధర్మవరం మన చిన్నమ్మ వాళ్లింటి వైపు పోతే పట్టునూలు అద్దకం చూస్తాం కదా. ముడిపట్టుకు ఉన్న జిగురు పోవాలని సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడకబెడతారు, తర్వాత రంగునీళ్లలో ముంచుతారు. పొద్దంతా పొయ్యి, పొద్దంతా ఉడుకు. కట్టెల పొయ్యికి కింద చిన్న బ్లోయరు పెడితే మంట ఎగసి పడుతుంది, కట్టె తక్కువ పడుతుంది, పొగా కాస్త తగ్గుతుంది. నిజంగా మేలే. కానీ అది గాలిని పొయ్యిలోకి ఊదేది, గదిలోంచి పొగను తీసేది కాదు. ఆ తేడా మరిచి మూసిన రేకుల షెడ్డులో బ్లోయరు పెడితే మళ్లీ అదే కష్టం. కట్టెల పొయ్యి చూసి గ్యాసు బర్నరుకూ అట్లాగే ఫ్యాను గాలి పెడదామనుకునే వాళ్లుంటారు, చెయ్యనివ్వకు. బయటి గాలి తగిలితే మంట బర్నరు మీదినుంచి లేచి ఆరిపోతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. గ్యాసు బర్నరుకు కావలసిన గాలి దాని గొట్టం దగ్గరున్న రంధ్రాల్లోంచి అదే తీసుకునేలా తయారుచేస్తారు. భట్టీలకు వాడే పెద్ద రెగ్యులేటరును ఇంటి పొయ్యికో గీజరుకో తగిలించడం కూడా అంతే ప్రమాదం.

మంటా ఫ్యానూ పక్కపక్కనే క్షేమంగా పనిచేసేదీ ఒకటుంది. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లల్లో ఇంటినంతా వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ ఉంటుంది, బ్లోయరు దాంతోపాటే వస్తుంది. మంట ఒక లోహపు గదిలో మండుతుంది, దాని పొగ గొట్టంలో బయటికి పోతుంది. బ్లోయరు ఊదే గాలి ఆ లోహపు గోడల బయటినుంచి వెచ్చబడి గదుల్లోకి వస్తుంది. మంట గాలి, మనుషుల గాలి ఎక్కడా కలవవు. ఆ గోడకు పగులొచ్చినా, బ్లోయరు తలుపు సరిగా మూయకపోయినా, పాత ఫర్నేసుకు లెక్క చూడకుండా పెద్ద బ్లోయరు పెట్టినా ఆ రెండు గాలులూ కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుకే అక్కడ చలికాలానికి ముందు మెకానిక్‌ను పిలిచి చూపించుకుంటారు, ఫిల్టరు మారుస్తుంటారు, పడకగదుల దగ్గర మోనాక్సైడు అలారం పెట్టుకుంటారు. పిల్లలతో వీడియోలో మాట్లాడేటప్పుడు బువ్వ తిన్నావా అని అడిగినట్టే, ఆ అలారం బ్యాటరీ చూశావా అని కూడా అడుగు.

నీ గీజరు దగ్గరికి వద్దాం. దాని చోటు బచ్చలి కాదు, బయటి గోడ. వాన తగలకుండా పైన చిన్న రేకు, చుట్టూ గాలాడే జాగా. బచ్చలి వెంటిలేటరు కింద మాత్రం పెట్టించకు, పొగ మళ్లీ అందులోంచే లోపలికి వస్తుంది. అక్కణ్ణుంచి ఉడుకునీళ్ల పైపు ఒక్కటి లోపలికి రావాలి, అది ఉడుకునీళ్లకు పనికొచ్చే సీపీవీసీ అయి ఉండాలి. మామూలు తెల్ల పైపైతే వేడికి మెత్తబడుతుంది. పొయ్యి బండకే టీ ముక్క పెట్టి గీజరుకూ గ్యాసు లాగడం వద్దు. గీజరుకు దాని బండ, దాని రెగ్యులేటరు, ఐఎస్ఐ గుర్తున్న నారింజ రంగు సురక్షా ట్యూబు వేరేగా ఉండాలి. ట్యూబు మీద తేదీ చూసుకో, పగుళ్లు లేకపోయినా ఐదేళ్లకు మార్చెయ్యి.

మన బోరు నీళ్ల ఉప్పు సంగతి తెలుసుగా, బోకుల అడుగున తెల్లగా పేరుకుంటుంది. గీజరు లోపల రాగి గొట్టాల్లోనూ అంతే పేరుకుంటుంది. నీళ్ల ధార సన్నబడితే అదే కారణం. అంతకన్నా ముఖ్యం మసి. గీజరు ముందు చిన్న కంతలోంచి మంట చూడు. నీలంగా, నిలకడగా ఉంటే సరే. పసుపు నాలుకలు ఊగుతుంటే, పైమూత దగ్గర నల్లగా పట్టి ఉంటే, రాగి రేకుల మధ్య మసి మూసుకుపోయిందన్నమాట, కాలిన గాలికి పోయే దారి లేదు. అప్పుడు వాడటం ఆపి మెకానిక్‌ను పిలవాలి. మామూలుగా అయినా ఏడాదికోసారి, దసరా అయ్యాక చలి ముదరక ముందు, విప్పి శుభ్రం చేయించు. జెట్టు రంధ్రాన్ని పిన్నీసుతో పొడిచే మెకానిక్ అయితే ఆపెయ్యమ్మా. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాసు ఎక్కువొచ్చి మంట పసుపెక్కుతుంది. వెలిగేటప్పుడు భుగ్గుమని శబ్దం వస్తుంటే బ్యాటరీలు మార్చి చూడు, అయినా పోకపోతే అదీ మెకానిక్‌కు చూపించు.

ఇంటి ఓనరును ఒప్పించి గీజరు బయటికి మార్పించే దాకా ఒక పని చెయ్యి. తలుపు బార్లా తెరిచి, బయట నిలబడి బకెట్లు నింపుకో. గీజరు ఆపి, రెగ్యులేటరు కూడా తిప్పేసి, నాలుగైదు నిమిషాలు గాలాడనిచ్చి, అప్పుడు లోపలికి పోయి తలుపు వేసుకో. షవరు కింద నిలబడే సరదా కొన్నాళ్లు లేకపోతే ఏం పోదు. పిల్లలకు నీళ్లు పోసేటప్పుడు మరీ జాగ్రత్త, వాళ్ల చిన్న ఒంట్లోకి విషం మనకన్నా తొందరగా ఎక్కుతుంది. అత్తమ్మకూ ఈ మాట చెప్పు, ఆమెకు గడియ పెట్టుకునే అలవాటు ఎక్కువ.

ఆవిరి పోవడానికి ఫ్యాను కావాలనే ఉంటే, గీజరు బయటికి పోయాక పెట్టించుకో, నిశ్చింతగా. తలుపు కింద రెండు వేళ్ల సందు ఉంచమని వడ్రంగికి చెప్పు. ఓనరు వినకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఆదివారం మీ బావను వెంటబెట్టుకుని వచ్చి నేనే మాట్లాడతాను.