లారీ కొనదలచిన రైతులు గమనింపవలసిన విషయములు

మంగంపేట ముగ్గురాయి గనులలో తిరిగి అలసిన టిప్పరులు అమ్మకమునకు వచ్చుట మన ప్రాంతపు రైతు లెఱుగనిది కాదు. కోడూరు చుట్టుప్రక్కల మామిడి, అరటి, బొప్పాయి తోటలు గలవారు కాయ కోతకు వచ్చిన దినములలో బాడుగ బండ్లు దొరకక, దొరికినను అడిగినంత యిచ్చుకొనలేక విసిగి, "అప్పు చేసియైనను సొంతబండి కొందము" అని తలచుచుందురు. అట్టి సమయమున గనిలోని టిప్పరు చవుకగా కనబడును. పైని క్రొత్త రంగు, ముందు నిమ్మకాయల దండ, లోపల పాటల పెట్టె కూడ నుండును. ఆ రంగు క్రింద నేమున్నదో చూచుట యెట్లో చెప్పుటకే యీ వ్యాసము.

మొదట ముగ్గురాయి స్వభావమును తెలిసికొనవలెను. చమురుబావుల త్రవ్వకమున బురదకు బరువు కూర్చుటకై ఈ రాతిపొడిని వాడుదురు. దానికి గిరాకి యంతయు ఆ బరువువలననే. నీటికంటె నది నాలుగింతలకు మించిన బరువు గలది. సాంద్రత సుమారు 4.2. రాళ్లుగా పగులగొట్టి నింపినప్పుడు నడుమ ఖాళీలు పోగా, ఒక ఘన మీటరునకు రమారమి రెండున్నర టన్నులు తూగును. మూడిరుసుల టిప్పరునకు బండితో కలిపి మొత్తము బరువు 2018 జూలైలో 25 టన్నులనుండి 28.5 టన్నులకు పెంచబడినది. బండి సొంత బరువు తీసివేసినచో సరకునకు మిగులునది పదునేడు, పదునెనిమిది టన్నులు మాత్రమే. కావున 14 ఘన మీటరుల తొట్టిలో సగము నిండునప్పటికే హద్దు ముట్టినట్లు. చూచువారికి తొట్టి సగము వెలితిగా కనబడును. కమానులు మాత్రము మోయగలిగినంత మోయుచుండును. ఇంకొంచెము పోయుదమను ఆశ ఎవరికి కలుగదు? అట్లు ఏండ్ల తరబడి మోసిన బండినే చవుకయని మనకు చూపుదురు.

కావున గనినుండి వచ్చిన బండిని చూచునపుడు ఇంజనుకంటె ముందు ఛాసిస్‌ను చూడవలెను. ఇంజనును బాగుచేయించుకొనవచ్చును; వంగిన ఛాసిస్ మరల మొదటి బలమునకు రాదు. పగటివెలుతురున బండిక్రింద దూరి, క్యాబిన్ వెనుకభాగమున, కమానులు బిగించిన బ్రాకెట్లవద్ద, తొట్టి నెత్తు జాకీ నిలిచినచోట చేతితో తడిమి చూడుడు. ఇటీవల వెల్డింగు చేసిన గుర్తులున్నను, ఆ ఒక్కచోటనే క్రొత్త రంగు దట్టముగా నున్నను అనుమానింపవలెను. కమాను పట్టీలు కుడియెడమల సమానముగా వంపు తిరిగియున్నవా? ఒక ప్రక్క చదునై, రెండవ ప్రక్క విల్లువలె నున్నచో ఆ బండి ఒరిగి నడచినదని యర్థము. టైర్లు ఒక అంచున మాత్రమే అరిగినయెడల ఇరుసునందైనను, స్టీరింగునందైనను దోషముండును. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2318 అని యున్నచో 2018వ సంవత్సరమున ఇరువదిమూడవ వారములో తయారైనదని గ్రహింపవలెను. పైగీతలు లోతుగా నున్నను, రబ్బరు ముసలిదైన టైరు మన ఎండలకు నిలువదు.

ఇంజనును చల్లారియున్నప్పుడే చూడవలెను. మీరు పోవునప్పటికే వేడిగా నున్నయెడల ఆ దినమునకు బేరము మాని, మరునాటి యుదయమున చెప్పకుండ పొండు. చల్లని ఇంజను మొదటి తిప్పునకే అందుకొనుచున్నదా, ఎంతసేపు తెల్లపొగ విడుచుచున్నది, అని గమనింపుడు. వేడెక్కిన తరువాతను నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నది. నల్లపొగ దట్టముగా వచ్చినచో డీజిలు సరిగా మండుటలేదు. ఇంజను తిరుగుచుండగా ఆయిలు పోయు మూత తీసినయెడల పొగ బుస్సుమని చిమ్మినచో పిస్టనులు, రింగులు అరిగినవన్నమాట. ముందుచక్రమును జాకీపై నెత్తి రెండుచేతుల పట్టుకొని ఊపి చూడుడు, వదులు తెలియును. ఇవియన్నియు తెలిసిన మెకానిక్కును, అమ్మువానితో గాని బ్రోకరుతో గాని సంబంధము లేనివానిని, కూలి యిచ్చి వెంటబెట్టుకొని పోవుట మేలు. లక్షల బేరమున ఒక్కదినపు కూలికి లోభింపరాదు.

అసలు తోటరైతునకు టిప్పరు పనికివచ్చునా? బొప్పాయి, అరటి ఎత్తిపోయు సరకులు కావు. ఇనుపతొట్టి ఎండకు కాగి, గాలి యాడక కాయను కమలింపజేయును. ప్రక్కలు గాలి తగులునట్లు సందులుంచిన బాడీగల చిన్నలారీ గాని పికప్పు బండి గాని ఇట్టి సరకునకు తగును. 2005లో టాటా ఏస్, 2011లో అశోక్ లేలండ్ దోస్త్ వచ్చినతరువాత చిన్నబండ్ల వాడుక పల్లెలలో హెచ్చినది. స్థూలబరువు 3,000 కిలోలకు మించని సరకుబండికి 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము పర్మిట్టు అక్కరలేదు. స్థూలబరువు 7,500 కిలోలకు లోబడిన రవాణాబండిని తేలికబండి లైసెన్సు గలవాడు నడుపవచ్చునని సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6వ తేదీన తీర్పు చెప్పినది. ఇంటిలోని కుమారుడే నడుపుకొనదలచిన కుటుంబమునకు ఇది చిన్న సౌకర్యము కాదు.

ఇక అప్పు. "నూటికి తొమ్మిది వడ్డీ మాత్రమే" యని చెప్పినపుడు, అది తగ్గుచున్న అసలుపైననా, మొత్తము అసలుపైననా యని అడుగవలెను. ఆరులక్షల రూపాయలు అయిదేండ్లకు మొత్తము అసలుపై తొమ్మిది చొప్పున తీసికొన్నచో వడ్డీ 2,70,000, నెలవాయిదా 14,500. నెలనెల అసలు తీరుచున్నను వడ్డీ తగ్గదు. తగ్గుచున్న అసలుపై లెక్కించి చూచినచో ఇది నూటికి పదునైదున్నరకు మించిన వడ్డీయే. మన సంఘమునందు గాని బ్యాంకునందు గాని పండ్రెండని విన్నపుడు ఎక్కువయని జంకి, ఈ తొమ్మిదికి పోయినవా రనేకులు.

ఆ వాయిదాను మోయుటకు బండి ఎన్ని ట్రిప్పులు తిరుగవలెనో కూడ లెక్కవేయుదము. అంకెలు మాదిరికి మాత్రమే; ఎవరివి వారు మార్చుకొనవచ్చును. ఏడాదికి వాయిదాలు 1,74,000. డ్రైవరు జీతము నెలకు 15,000 చొప్పున 1,80,000. ఇన్సూరెన్సు, పన్ను, ఎఫ్.సి. కలిపి 45,000 అనుకొందము. వెరసి 3,99,000. ఒక ట్రిప్పునకు బయటి బాడుగ 4,500 కాగా, సొంతబండికి డీజిలు మొదలగునవి 2,000 అయినచో మిగులు 2,500. అనగా నూట అరువది ట్రిప్పులు తిరిగినగాని ఖర్చు కూడదు. టైర్లు, మరమ్మతులు ఇందులో చేరలేదు. డ్రైవరు జీతము లేక ఇంటివాడే నడిపినను ఎనుబదియెనిమిది ట్రిప్పులు కావలెను. రెండుమూడెకరముల తోటగల రైతునకు ఏడాదికి ఇరువది ట్రిప్పుల సరకుండుట కష్టము. అతనికి ఒంటరిగా బండి కొనుట తగదని నా యభిప్రాయము. ఇరువదేసి ట్రిప్పుల సరకుగల ఎనమండుగురు కూడినచో లెక్క సరిపోవును.

కాగితముల విషయమున అశ్రద్ధ చేయరాదు. మాకు తెలిసిన రైతొకడు రొక్కమంతయు చెల్లించి టిప్పరు తెచ్చుకొనెను. ఆర్.సి.లో అప్పిచ్చిన కంపెనీ పేరు కొట్టివేయబడలేదు. మూడవనెలలో సరకుతో పోవుచుండగా దారిలోనే బండిని పట్టుకొనిపోయిరి. అమ్మినవాడు ఊరిలో లేడు. కావున సొమ్ము చేతికిచ్చుటకు ముందే రవాణాశాఖవారి పరివాహన్ వెబ్‌సైటులో బండి నెంబరు వేసి చూడుడు. అప్పు తీరిన పత్రము, ఫారము 35 చేతికి రావలెను. యాజమాన్యపు మార్పునకు ఫారములు 29, 30 కావలెను. ఛాసిస్ నెంబరును, ఇంజను నెంబరును కాగితముతో పోల్చుడు. ఛాసిస్ నెంబరుచోట గీకిన జాడ కనబడినచో ఆ బేరమును అక్కడనే విడువుడు. సరకుబండికి ఎనిమిదేండ్లు నిండినతరువాత ఎఫ్.సి. ఏడాదికొకసారి చేయింపవలెను గనుక, దాని గడువు ఎన్నినాళ్లున్నదో చూచి ధర కట్టవలెను.

అమ్మువారికిని ఒకమాట. పేరు మార్పింపక బండి నిచ్చివేసినచో, అది ఎక్కడ ప్రమాదము చేసినను నష్టపరిహారము ఆర్.సి.లో పేరున్నవానిపైననే పడునని సుప్రీముకోర్టు 2018 ఫిబ్రవరిలో నిర్ణయించినది. నాలుగు చేతులు మారినను ఫలమిదియే. కొన్నవాడు పదునాలుగు దినములలో ఇన్సూరెన్సును తన పేర మార్పించుకొనవలెను.

ఇంకొకటి మన పల్లెలలో నిత్యము జరుగుచున్నది. కాయ కోయు కూలీలను, ఆడవారిని పిల్లలను గూడ, సరకుబండి వెనుక నెక్కించి తోటలకు తోలుచున్నారు. సరకు యజమానికి గాని అతని ప్రతినిధికి గాని చట్టమున రక్షణ కలదు. బాడుగకైనను ఊరకైనను ఎక్కించుకొన్న యితరులకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత వహింపదు. బండి బోల్తాపడినచో ఆ కుటుంబములకు చెల్లింపవలసినది బండి యజమానియే. తోట అమ్మినను అది తీరకపోవచ్చును. అధికభారమునకు 2019 సవరణచట్టము విధించిన జరిమానా 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నునకు 2,000. ఎక్కువైన సరకును అక్కడనే దింపవలెను. ఎండలో రోడ్డుప్రక్కన దింపిన బొప్పాయి ఏమగునో రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు.

క్రొత్తబండి కొనువారు, 2025 సెప్టెంబరు 22నుండి సరకుబండ్లపై జి.ఎస్.టి. 28నుండి 18కి తగ్గిన సంగతిని గుర్తుంచుకొని, పాతబండి ధరతో మరల పోల్చి చూడవలెను. అంతకుముందు కట్టిన పాతధరలనే అమ్మువాడు ఇప్పటికిని చెప్పుచుండవచ్చును.

కలసి కొనువారు మొదటి దినముననే మూడు సంగతులు వ్రాసికొనవలెను: కోతదినములలో ఎవరి సరకు ముందు, డీజిలు ఖర్చు ఎవరిది, మరమ్మతునిధికి ట్రిప్పున కెంత. బండిలో ఒక పుస్తకముంచి, బయలుదేరునపుడును తిరిగివచ్చినపుడును మీటరు అంకె వ్రాసి, నడిపినవాడును సరకుదారుడును సంతకములు చేయవలెను.