చేతికి కళ్లుండాలమ్మా!

ఎండలు ముదురుతున్నాయి. కుండలో నీళ్లు పోసుకున్నారా? మీ గుమ్మంలో పడుకునే మూగప్రాణికి కూడా ఒక గిన్నెడు పెట్టండి. ఈసారి ముచ్చట దాని గురించే.

మొన్న సాయంత్రం మా వీధి చివరింటి అమ్మాయి వచ్చింది. డిగ్రీ అయి ఏడాది దాటింది. నేను మల్లెపూలు కడుతుంటే పక్కనే చతికిలబడి, "అక్కా, కుక్కలకి గ్రూమింగ్ చేసే పని నేర్చుకుందామనుకుంటున్నా. 'నిన్ను చదివించింది కుక్కల బొచ్చు దువ్వడానికా' అని అమ్మ రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు. నువ్వేమంటావు?" అంది. అప్పటికి నాలుగు మాటలు చెప్పి పంపాను గానీ, రాత్రంతా ఆ పిల్ల మొహమే గుర్తొచ్చింది. చెప్పాల్సింది చాలా ఉంది. మీ అందరి ముందూ చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. మా ఇంట్లో మల్లి ఉంది. తెల్లటి బొచ్చు కుక్క. ఇలాంటి వాటిని మనం పొమేరియన్ అనేస్తాం గానీ, మన ఇళ్లలో ఉండేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. మూడేళ్ల కిందట వేసవిలో, పాపం ఉక్కకి అల్లాడుతోందని ఒక దుకాణానికి తీసుకెళ్లి బొచ్చంతా గొరిగించేశాను. వాళ్లూ వద్దనలేదు. వారం తిరిగేసరికి దాని వీపు ఎర్రగా కందిపోయింది. బొచ్చు మళ్లీ సరిగ్గా రావడానికి ఏడాది పైనే పట్టింది. పశువుల డాక్టరుగారు చూసి, "ఈ జాతికి బొచ్చు రెండు పొరలమ్మా. లోపల మెత్తటిది, పైన పొడుగ్గా ఉండేది. ఆ పైబొచ్చే ఎండ నేరుగా చర్మం మీద పడకుండా కాచేది" అన్నారు. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కొంచెం పడుతుంది, అంతే. నాలుక చాపి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది. వేసవిలో దానికి కావల్సింది నీడ, నీళ్లు, రాలిపోయిన లోపలి బొచ్చు దువ్వితీసే చేయి. ఆ సంగతి తెలియక దాని గొడుగు నేనే లాగేసుకున్నాను. మల్లి నోరు తెరిచి చెప్పలేదు కదా.

ఆనాటి నుంచీ దాని ఒంటిపని నేనే చూసుకుంటున్నాను. నేర్చుకున్నదాంట్లో మొదటిది ఇదీ: స్నానానికి ముందే దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, తొడల సందుల్లో బొచ్చు చిక్కుపడి ఉంటుంది. దాని మీద నీళ్లు పడ్డాయా, చిక్కు బిగుసుకుని అట్టకడుతుంది. కింద చర్మం లాగేస్తుంటే కుక్కకి నొప్పి. చిక్కుని మొదలు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, చివరల నుంచి కొంచెం కొంచెంగా విడదీయాలి, మన అమ్మలు మనకి జడ చిక్కు తీసినట్టు. కత్తెర మాత్రం పెట్టకండి. అట్టకట్టిన బొచ్చుతో పాటు పల్చటి చర్మం కూడా పైకి లేచి వస్తుంది. కచక్‌మంటే తెగేది చర్మమే.

మన షాంపూ వాడొద్దు. మన చర్మానికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, కుక్క చర్మం అంతకంటే తటస్థంగా ఉంటుంది. మనది పడక పొడిబారి దురద పెడుతుంది. నెలకో స్నానం చాలు, ఒళ్లు మరీ పాడైతే తప్ప. గోరువెచ్చని నీళ్లు పోయండి, మొహం మీద గుమ్మరించకండి, చెవుల్లోకి పోనివ్వకండి. తర్వాత లోపలి బొచ్చు దాకా ఆరేలా తుడవండి. పైకి పొడిగా కనిపిస్తూ లోపల తడి మిగిలితే అక్కడే పుండు లేస్తుంది.

ఇక గోళ్లు. అందరం భయపడేది ఇక్కడే. గోరు లోపల రక్తనాళం ఉంటుంది. తెల్ల గోళ్లలో గులాబీరంగులో కనిపిస్తుంది, నల్లగోళ్లలో కనపడదు. అందుకని కొసన ఒక్కో పల్చటి బిళ్లే తీయాలి. కోసిన చోట మధ్యలో నల్లటి చుక్కలాంటిది కనపడగానే ఆపేయాలి. పొరపాటున రక్తం వస్తే కంగారుపడకండి. కాస్త కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కిపట్టండి.

కానీ అసలు చదువు కత్తెరలో లేదు. మొదటిసారి నేను మల్లి పాదం పట్టుకోగానే అది పెదాలు నాక్కుంది. ఆవలించింది. మొహం పక్కకి తిప్పుకుంది. నిద్రొస్తోంది కాబోలు అనుకున్నాను. కాదట. 'నాకు భయంగా ఉంది, వదిలెయ్' అని కుక్క చెప్పే మాటలవి. అవి వినిపించుకోకపోతే ఒళ్లు బిగుస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది, గుర్రుమంటుంది. గుర్రుమందని కొట్టకండి అమ్మా. అలా కొడితే అది ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. నేను గోళ్ల కత్తెర పక్కన పెట్టేశాను. రోజూ రాత్రి అన్నాలయ్యాక పాదం ముట్టుకోవడం, ఉడికించిన కోడిగుడ్డు ముక్క పెట్టడం, వదిలేయడం. అంతే. కొన్నాళ్లకి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూడనిచ్చింది. మూడో వారంలో ఒక గోరు తీయగలిగాను. ఒక్కటే! ఆ రాత్రి నాకు పెద్ద పరీక్ష పాసైనట్టనిపించింది.

అలా వేళ్లు విడదీసి చూస్తుండగానే ఒకరోజు మినపగింజంతది చేతికి తగిలింది. గోమారు. కొన్ని ఊళ్లలో పిడుదు అంటారు. రక్తం తాగి ఉబ్బి ఉంది. అప్పటికి రెండు రోజులుగా మల్లి తిండి మీద ధ్యాస లేకుండా ఉంది. ఎండకేమో అనుకున్నాం. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా జ్వరం అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు అది, ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది. నెల్లాళ్లు మందు వాడాక తిరిగి కోలుకుంది. దాని వేలి సందున అంటుకున్నదేదో పైపైన చూస్తే కనపడదు. చేయి పెట్టి చూస్తేనే తెలుస్తుంది. గోమారు కనపడితే కిరసనాయిలు పోయకండి, వేళ్లతో నలపకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా తిన్నగా లాగి, స్పిరిట్‌లో వేయండి. ఇల్లు కూడా చూసుకోండి. గోడ పగుళ్లలోకి దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకి వస్తాను. చెల్లీ, ఈ పనికి కావలసిన మొదటి అర్హత ఈ చేతి చూపే. గ్రూమింగ్ చేసే మనిషికి కుక్క ఒళ్లంతా చేతికి తగులుతుంది. గడ్డ, పుండు, చెవిలో దుర్వాసన, చిగుళ్ల వాపు, ఇంటివాళ్ల కంటే ముందు నీకే తెలుస్తాయి. తెలిసింది చెప్పి డాక్టరు దగ్గరికి పంపు. సూది నువ్వు వేయకు, మందు నువ్వు రాయకు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన డాక్టర్లే.

శిక్షణకి ఫీజు కట్టే ముందు, కొన్నాళ్లు పశువైద్యుడి దగ్గర సహాయకురాలిగా ఉండు. లేదంటే మూగజీవాల ఆశ్రయాల్లో సేవ చెయ్యి. 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూ క్రాస్ లాంటివి మనకున్నాయి. రక్తం, వాంతులు, భయపడిన కుక్క అరుపు, ఇవన్నీ తట్టుకోగలవో లేదో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత శిక్షణ ఇచ్చేవాళ్లని మూడు ప్రశ్నలు అడుగు. నా చేత ఎన్ని కుక్కలకి స్వయంగా చేయిస్తారు? భయపడే కుక్కని ఎలా పట్టుకోవాలో నేర్పుతారా? ప్రథమ చికిత్స ఉందా? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే సర్టిఫికెట్ కోసం డబ్బు పోయకు.

పనిలో దిగేముందు రేబిస్ టీకా వేయించుకో. ఎప్పుడైనా కాటు పడితే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లు. కారం, సున్నం, పసుపు ఏదీ పూయొద్దు.

మనసు ఇంకా లోతుకి లాగితే దారులున్నాయి. మీ తమ్ముడు పదో తరగతి కదా, వాడికీ చెప్పు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందా, తెలంగాణలో పి.వి. నరసింహారావు పేరిట ఉన్న విశ్వవిద్యాలయం కిందా పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమాలున్నాయి. ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకి డాక్టరు చదువు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. పల్లెల్లో పొదుపు సంఘాల ఆడవాళ్లు పశుసఖులుగా శిక్షణ పొంది మేకలూ గేదెల బాగోగులు చూస్తున్నారు.

ఆ పిల్ల వాళ్ల అమ్మతో నేను మాట్లాడతానన్నాను. నిన్న వెళ్లాను కూడా. "వదినా, కనుమ రోజున మీ అమ్మగారింట్లో పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, పసుపుకుంకుమలు పెట్టి దణ్ణం పెట్టింది ఎవరు?" అని అడిగాను. "నేనే" అంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాన్నగారి ఎద్దు గురించి చెప్పడం మొదలుపెట్టింది. గిట్టలో ముల్లు దిగితే తన ఒళ్లోనే కాలు పెట్టించుకుని తీసిందట. అప్పుడు ఆవిడకి పదేళ్లట. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది.

మీరు కూడా ఈ రాత్రి పని ముగిశాక మీ కుక్క పక్కన కూర్చోండి. దువ్వెన వద్దు, కత్తెర వద్దు. తల నుంచి తోక దాకా ఒక్కసారి చేత్తో నెమ్మదిగా నిమరండి. ఏం తగిలిందో వచ్చే నెల నాకు రాయండి. ఉంటానమ్మా, నా తల్లులు!