పిల్లల అడుగుకొలది

పాఠ్యభాగము: ఆదికాండము 33:12–17, యెషయా 40:11, లూకా 24:13–35

ఖరగ్‌పూర్ రైలుపట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు ఇచ్చట కూడలి స్టేషనును, కర్మాగారమును నెలకొల్పిన నాటినుండి ఆ ఊరి జీవితము రైళ్ల రాకపోకలతో పెనవేసికొనియున్నది. వాల్తేరు నుండి కటకము వరకు గల తూర్పుతీరపు రైలుమార్గము 1902లో ఆ కంపెనీ వశమైనది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి పనికొరకు వచ్చిన తెలుగు కుటుంబములు అనేకములు ఇచ్చటనే స్థిరపడినవి. స్టేషనులోని ప్లాట్‌ఫారము పొడవు 1,072 మీటర్లు. లోకములోకెల్ల పొడవైనదిగా అది చిరకాలము పేరొందినది. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారము దానిని మించినది. చంకన బిడ్డతో, చేత మూటతో అంత దూరము పరుగిడు తల్లిని చూచి జాలిపడనివారుండరు. అయినను రైలు ఆమెకొరకు ఆగదు. ఆగరాదు కూడ, ఒక రైలు ఆలస్యమైనచో వెనుక వచ్చు రైళ్లును ఆలస్యమగును. కాలపట్టికను పాటించుట రైలుకు ధర్మము.

అయితే దేవుని జనుల ప్రయాణమునకును అదియే ధర్మమా? ఈ ప్రశ్నకు ఉత్తరము రైలుపెట్టెలో కంటె సైకిలు మీద సులభముగా దొరకును.

1. ఒక దినపు ప్రయాణము

ఖరగ్‌పూర్ సంఘమునకు చెందిన పదిమంది శీతకాలమున ఒక సెలవుదినము సైకిళ్లపై బయలుదేరిరని ఊహించుకొనవచ్చును. వారిలో బలిష్ఠులైన యువకులు కొందరు, కర్మాగారమున పనిచేసి విరమించిన పెద్ద ఒకడు, పండ్రెండేండ్ల బాలుడొకడు. వారి గమ్యము కంసావతీ తీరమున పాత ఇటుక దేవాలయములున్న పాథరా గ్రామము. పట్టణమునకు ఉత్తరముగా సాగి, నదిపై వంతెన దాటి, తీరము పట్టి తూర్పునకు పోవలెను. పడమటి దిక్కున ఎర్రమట్టి నేల, సాలవృక్షముల అడవి. తూర్పున పల్లపు వరిపొలములు. కోత ముగిసిన మళ్లలో మోళ్లు నిలిచియుండును. ఈతచెట్లకు రసము కొరకు కుండలు కట్టియుండును.

ఉదయమున ఉత్తరపు గాలి ఎదురు కొట్టును. యువకులు ఉత్సాహముతో ముందుకు దూసికొనిపోవుదురు. బాలుడు వారిని అందుకొనవలెనని శక్తికి మించి తొక్కును. వంతెన దాటిన పిమ్మట వారు చెట్టునీడను కూర్చుండి అతనికొరకు కనిపెట్టుదురు. అతడు రొప్పుచు వచ్చి చేరగానే వారు లేచి, “ఇక పోదము” అందురు. ముందు చేరినవారికి అరగంట విశ్రాంతి లభించినది. విశ్రాంతి ఎవనికి అవసరమో వానికి మాత్రము లభింపలేదు. ఇట్లు రెండు మూడు మారులు జరిగినచో మధ్యాహ్నమునకే బాలుని కాళ్లు పట్టు తప్పును. వానిని అలయజేసినది దారి పొడవు కాదు, ఉదయపు వడి. ఇంటికి తిరిగి పోవలసిన దూరము ఇంకను అట్లే మిగిలియున్నది.

అప్పుడు ఆ పెద్ద తన సైకిలును బాలుని ముందునకు తెచ్చి, “బాబూ, నీవు నా వెనుకనే రమ్ము. గాలి నాకు తగులును, నీకు తగ్గును. నేను త్వరపడినచో గంట కొట్టుము” అనును. ఎదురుగాలిలో ముందువాని వెనుక కొంత చాటు ఏర్పడుననియు, అందు తొక్కువానికి శ్రమ తగ్గుననియు సైకిలు తొక్కువారెల్లరు ఎరుగుదురు. అయితే ముందువాడు దూరముగా పోయినచో ఆ చాటు ఉండదు. బలవంతుడు ముందుండుట మంచిదే. అతడు బలహీనునికి అందుబాటులో ఉన్నంతవరకే అది మేలు. ఆ దినము గంట బాలుని చేతిలో నుండును. జట్టంతయు ఆ గంట చొప్పున సాగి, దీపములు పెట్టువేళకు ఇల్లు చేరును. చివరివాడు చేరిననాడే జట్టు చేరినట్లు.

2. కుంటుచున్నవాని జ్ఞానము

ఏశావు నాలుగువందల మందితో ఎదురు వచ్చి, తమ్మునితో సమాధానపడి, కలిసి పోవుదమని పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చు పశువులున్నవి. వాటిని ఒక్క దినము వడిగా తోలినను మంద అంతయు నశించునని చెప్పెను. “ఒక్క దినము” అను మాట గమనింపదగినది. ఏండ్ల తరబడి కాపాడినదానిని పాడుచేయుటకు ఒక్కనాటి తొందర చాలును.

ఈ మాట పలికినవాడెవడు? పుట్టుకలోనే అన్న మడమను పట్టుకొని, ఆ మడమను బట్టియే పేరు పొందినవాడు. జ్యేష్ఠత్వమునకు, దీవెనకు, ధనమునకు త్వరపడినవాడు. అట్టివాడు ఆ ప్రొద్దుననే పెనూయేలు దాటి కుంటుచు వచ్చెను. దేవునితో పెనగులాడి తొడగూడు వసలినవానికి ఇప్పుడు పిల్లల అడుగు కనబడినది. హెబ్రీ మూలమున అతడు పశువుల “పాదము” చొప్పున, పిల్లల “పాదము” చొప్పున నడిచెదనని చెప్పుచున్నాడు. అన్న మడమను పట్టిన చేయి ఇప్పుడు బిడ్డల పాదమును లెక్కించుచున్నది. తన కాలు నొచ్చినవాడే ఇతరుల కాలినొప్పిని ఎరుగును.

అయితే లేఖనము యాకోబును నిర్దోషిగా చూపదు. శేయీరునకు వచ్చెదనని చెప్పి, అతడు సుక్కోతునకు పోయెను. పిల్లల బలహీనత నిజమే. ఆ నిజమును అతడు సాకుగా కూడ వాడుకొనెనని అనుమానించుటకు చోటున్నది. బలహీనులను వెనుక విడుచుట ఒక పాపము. వారి పేరు చెప్పి తాను వెళ్లవలసినచోటికి వెళ్లకుండుట మరియొక పాపము. మెల్లగా నడుచుట వేరు, నిలిచిపోవుట వేరు.

3. కాపరి నడక

యాకోబు వాడిన క్రియాపదమునకు మూలము “నాహల్”. నెమ్మదిగా నడిపించుట దాని భావము. ఇరువదిమూడవ కీర్తనలో కాపరి తన గొఱ్ఱెను జలముల యొద్దకు నడిపించుటను చెప్పునది ఈ పదమే. యెషయా నలువదియవ అధ్యాయములో ప్రభువు మందను మేపుటను వర్ణించుచోటను ఈ పదమే కలదు. అంతేకాదు, యాకోబు పాలిచ్చు పశువులను గూర్చి పలికిన “ఆలోత్” అను మాటయే ప్రవక్త నోటను వచ్చినది. అనువాదములలో ఈ పోలిక మరుగుపడుట సహజము. యాకోబు సగము సాకుగా చెప్పినదానిని దేవుడు సంపూర్ణ సత్యముగా నెరవేర్చును. యెషయా ఈ మాటను చెరనుండి ఇంటికి తిరిగిరావలసిన ప్రజల ఆదరణకై పలికెను. అది దీర్ఘమైన దారి. అందులో చూలాండ్రును, బాలింతలును ఉందురు. దేవుడు వారిని గమ్యము చేర్చును, వారి అడుగుకొలది చేర్చును.

ఈ నడక ఎమ్మాయు దారిలో మానవనేత్రములకు కనబడెను. యెరూషలేమునుండి ఆ గ్రామము సుమారు పదునొకండు కిలోమీటర్లు. మరణమును జయించి లేచిన ప్రభువు, రెప్పపాటులో అదృశ్యుడు కాగలవాడు, దుఃఖముఖులైన ఇద్దరి ప్రక్కన వారి నడకనే నడిచెను. వారి మందమతిని గద్దించెను గాని వారిని విడిచి ముందునకు సాగిపోలేదు. ఆ రాత్రియే వారు అదే దూరము తిరిగి వెళ్లిరి. ఓర్పుతో నడిపింపబడినవారికి తిరుగుప్రయాణపు బలము మిగిలియుండెను.

4. సంఘమున గంట ఎవరి చేతిలో నున్నది?

పరరాష్ట్రములోని తెలుగు సంఘములలో ఈ ప్రశ్న తప్పించుకొనరానిది. తాతకు తెలుగు బైబిలు కంఠతా వచ్చును. మనుమడు హిందీలోనో, బెంగాలీలోనో, ఇంగ్లీషులోనో చదువుకొనుచున్నాడు. తెలుగు మాటలాడును గాని అక్షరములు ఎరుగడు. కీర్తన సంఖ్య చెప్పగానే పెద్దలు పాటలో సాగిపోవుదురు. బాలుడు ఊరక పుస్తకము పట్టుకొని నిలుచుండును. “ఈ కాలపు పిల్లలకు భక్తి లేదు” అని అతనిని నిందించుట సులభము. అతడు వెనుకబడినాడా, విడువబడినాడా అని విచారించుట కష్టము.

అట్లని తెలుగును విడువనక్కరలేదు, వాక్యమును పలుచన చేయనక్కరలేదు. పాఠమును రెండవమారు నిదానముగా చదువవచ్చును. కఠినపదమును పిల్లలు ఎరిగిన భాషలో విప్పవచ్చును. ఆదివారము మధ్యాహ్నము ఒక పెద్ద ఒక బాలుని ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్పవచ్చును. అన్నింటికంటె ముఖ్యముగా, “అర్థము కాలేదు” అని చెప్పుటకు ఆ బాలునికి ధైర్యమీయవలెను. అదియే అతని చేతి గంట. అది మ్రోగినప్పుడు విసుగుకొను సంఘమున అది మరల మ్రోగదు. కొంతకాలమునకు ఆ సైకిలు చప్పుడు కూడ వెనుక వినబడదు.

ధ్యానమునకు:
1. ఈ కుటుంబములో, ఈ సంఘములో అందరికంటె వెనుక నున్నవారెవరు?
2. వారి బలహీనత నిజముగా గౌరవింపబడుచున్నదా, సాకుగా వాడబడుచున్నదా?

ప్రార్థన: మంచి కాపరీ, మా తొందరను మన్నించుము. వెనుకనున్నవారి గంట వినుటకు చెవులను, వారి ముందు నిలిచి గాలిని భరించుటకు బలమును దయచేయుము. అందరిని ఇల్లు చేర్చుము. ఆమేన్.