గడ్డపు సబ్బుకు నాలుగు పరీక్షలు

చేతితో తయారుచేసిన గడ్డపు సబ్బులు ఇటీవల ప్రదర్శనల్లోనూ, దుకాణాల్లోనూ కనిపిస్తున్నాయి. "పూర్తిగా ప్రకృతిసిద్ధం. రసాయనాలు లేవు" అని వాటి అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. పక్కనే గులాబీ నీరు, పటిక కలిపిన ఆఫ్టర్‌షేవ్ సీసా ఉంటుంది.

రసాయనాలు లేని సబ్బు అంటూ ఒకటి ఉంటుందా? నీరు రసాయనమే, ఉప్పు రసాయనమే, కొబ్బరినూనె కూడా కొన్ని రసాయనాల మిశ్రమమే. కనుక ఆ మాట పట్టుకుని సబ్బు మంచిదో కాదో తేల్చలేం. మనం వేసుకోవలసిన ప్రశ్నలు వేరు. ఇందులో ఏమున్నాయి? అవి ఏ పని చేస్తాయి? చర్మానికి హాని లేదని ఎలా తెలుసుకోవాలి? మీలో కొందరికి నూనూగు మీసాలు వస్తున్నాయి. రేపో మాపో గడ్డం గీసుకోవలసిన వారే. మిగిలినవారి ఇళ్లలో నాన్నగారో, అన్నయ్యో ఉండనే ఉంటారు. కాబట్టి ఈ సంగతి అందరికీ పనికి వచ్చేదే.

వెంట్రుకకు కావలసింది నీరు

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీనుతో తయారవుతుంది. పొడిగా ఉన్నప్పుడు అది గట్టిగా ఉంటుంది. నీటిని పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు బ్లేడు తక్కువ బలంతోనే దాన్ని కోయగలుగుతుంది. గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు తడిపి ఉంచాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

ఇక్కడ ఒక వింత ఉంది. ఉక్కుతో పోలిస్తే వెంట్రుక సుమారు 50 రెట్లు మెత్తన. అయినా నాలుగు రోజులు వాడేసరికి బ్లేడు మొద్దుబారుతుంది. ఎందుకని? అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు దీన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. బ్లేడు అంచు మెల్లగా అరిగిపోవడం ఒక్కటే కాదు, వంగిన వెంట్రుక తగిలినచోట అంచు నుండి చిన్న చిన్న పెచ్చులు ఊడుతున్నాయని వారు గమనించారు.

గడ్డం గీసినకొద్దీ వెంట్రుకలు దట్టంగా వస్తాయన్న నమ్మకం కూడా మనలో ఉంది. 1928లోనే అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ దీన్ని పరీక్షించి, అటువంటి మార్పు లేదని చూపారు. వెంట్రుక కొన సహజంగా సన్నగా ఉంటుంది. కోసిన కొన మొండిగా ఉంటుంది కనుక చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

తడిపిన నీరు ఆరిపోకుండా పట్టి ఉంచడం, బ్లేడు జారేటట్లు చేయడం గడ్డపు సబ్బు చేసే రెండు పనులు. అందుకే దాని నురగ స్నానపు సబ్బు నురగలాగా పెద్ద బుడగలతో ఉండకూడదు. వెన్నలాగా చిక్కగా, చాలాసేపు నిలిచేదిగా ఉండాలి.

నూనె సబ్బుగా మారే తీరు

నూనెలు, కొవ్వులు క్షారంతో చర్య జరిపితే సబ్బు, గ్లిజరిన్ ఏర్పడతాయి. దీన్ని సపోనిఫికేషన్ అంటారు. కొవ్వులో కొవ్వు ఆమ్లాలు, గ్లిజరిన్ కలిసి ఉంటాయన్న రహస్యాన్ని విప్పినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రూల్ (1786-1889). తన పరిశోధనలను 1823లో గ్రంథంగా ప్రచురించాడు. కొవ్వు ఆమ్లాల్లో ఒకటి స్టియరిక్ ఆమ్లం. గడ్డపు సబ్బులో ముఖ్యపాత్ర దీనిదే.

కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం ఉంటుంది. దానితో చేసిన సబ్బు గబగబా నురగనిస్తుంది, కాని ఆ నురగ త్వరగా చల్లారిపోతుంది. స్టియరిక్ ఆమ్లంతో చేసిన సబ్బు ఆలస్యంగా నురగనిచ్చినా ఆ నురగ నిలుస్తుంది. కనుక తయారీదారులు రెండింటినీ కలుపుతారు. కొందరు ఆముదం కూడా చేరుస్తారు. ఇక క్షారం సంగతి. కాస్టిక్ సోడా వాడితే గట్టి సబ్బు, కాస్టిక్ పొటాష్ వాడితే మెత్తని సబ్బు వస్తుంది. మెత్తనిది నీటిలో తేలికగా కరుగుతుంది. అందుకే గడ్డపు సబ్బులో కాస్టిక్ పొటాష్ పాలు ఎక్కువ.

స్టియరిక్ ఆమ్లం + పొటాషియం హైడ్రాక్సైడ్ → పొటాషియం స్టియరేట్ + నీరు

స్టియరిక్ ఆమ్లం అణుభారం 284. పొటాషియం హైడ్రాక్సైడ్‌ది 56. అంటే 284 గ్రాముల ఆమ్లానికి 56 గ్రాముల క్షారం సరిగ్గా సరిపోతుంది. 60 గ్రాములు వేశారనుకోండి. 4 గ్రాముల క్షారం సబ్బులోనే మిగిలి చర్మాన్ని కొరుకుతుంది. 50 గ్రాములే వేస్తే సుమారు 30 గ్రాముల ఆమ్లం మారకుండా మిగులుతుంది. దానివల్ల హాని లేదు, పైగా నురగ చిక్కబడుతుంది. అందువల్ల తెలిసినవారు క్షారాన్ని కొంచెం తగ్గించే వేస్తారు. మరో చిక్కు ఏమిటంటే కాస్టిక్ పొటాష్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అప్పుడు త్రాసులో తూగినదంతా క్షారం కాదు. లెక్క వేసేటప్పుడు ఈ తేమను కూడా చూసుకోవాలి.

చూశారా! చేతితో చేసిన సబ్బు మంచిదా కాదా అన్నది అందులో వేసిన పూలరేకుల మీద కాక, చేసినవారి త్రాసు మీద, లెక్క మీద ఆధారపడి ఉంది.

హెచ్చరిక: ఈ లెక్క తెలిసింది కదా అని ఇంట్లో సబ్బు చేయబోకండి. కాస్టిక్ పొటాష్ కంట్లో పడితే చూపు పోవచ్చు. నీటిలో వేస్తే విపరీతంగా వేడెక్కుతుంది. అల్యూమినియం గిన్నెలను తినేస్తూ హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. మన పని తయారైన సబ్బును పరీక్షించడం. దానికి క్షారం అక్కరలేదు.

పరీక్షలు చేద్దాం

కావలసినవి: చేతితో చేసిన గడ్డపు సబ్బు, స్నానపు సబ్బు, కుంకుడుకాయ పొడి, పరీక్షనాళికలు, స్కేలు, పసుపు, వడపోత కాగితం, ఎప్సం లవణం, పటిక, కొంచెం పాలు.

మూడు నమూనాలూ ఒక్కొక్క గ్రాము తీసుకుని, వేరువేరుగా 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని వాన నీటిలో గాని, స్వేదన జలంలో గాని కరిగించి వడకట్టండి. ఒకరు వాటికి 1, 2, 3 అని అంకెలు వేసి, ఏది ఏదో రహస్యంగా రాసి పెట్టాలి. కొలిచేవారు మరొకరై ఉండాలి. "ఇది ప్రకృతిసిద్ధం" అని ముందే తెలిస్తే మన కన్ను దానివైపే మొగ్గుతుంది.

మొదటి పరీక్ష, నురగ: ఒక్కొక్క ద్రావణం 10 మిల్లీలీటర్లు పరీక్షనాళికలో పోసి, మూత బిగించి 20 సార్లు ఊపండి. నురగ ఎత్తును వెంటనే ఒకసారి, 5 నిమిషాలకు ఒకసారి, 10 నిమిషాలకు ఒకసారి కొలిచి పట్టికలో రాయండి. భూతద్దంతో బుడగల పరిమాణం కూడా చూడండి. మొదట ఎత్తుగా లేచిన నురగే చివరిదాకా నిలిచిందా? మంచి గడ్డపు సబ్బయితే బుడగలు సన్నగా ఉండి, నురగ తక్కువగా కుంగాలి.

రెండవ పరీక్ష, పసుపు కాగితం: పసుపు కలిపిన నీటిలో వడపోత కాగితం ముంచి ఆరబెట్టండి. దానిపై ఒక్కొక్క ద్రావణం చుక్క వేయండి. గడ్డపు సబ్బు చుక్క పడినచోట ఎర్రబడుతుంది. అంటే క్షారగుణం ఉందన్నమాట. దీన్ని చూసి సబ్బు చెడ్డదనుకోకండి. అసలైన సబ్బు ద్రావణం ఏదైనా పి.హెచ్. 9, 10 ప్రాంతంలో ఉంటుంది. మన చర్మం పి.హెచ్. సుమారు 5. గీసుకున్నాక సబ్బు మిగలకుండా మంచినీటితో కడుక్కోవాలనడానికి కారణం ఇదే. కుంకుడు రసం మాత్రం పసుపును ఎర్రబరచదు. అది సబ్బు కాదు. అందులో నురగనిచ్చేవి సపోనిన్లు.

మూడవ పరీక్ష, కఠిన జలం: మూడు ద్రావణాలకూ చిటికెడు ఎప్సం లవణం చేర్చి మళ్లీ ఊపండి. గడ్డపు సబ్బు ద్రావణంలో నురగ తగ్గి తెల్లని తెట్టు కడుతుంది. మెగ్నీషియం లవణంతో కరగని సబ్బు ఏర్పడడమే ఇందుకు కారణం. కుంకుడు రసం మాత్రం నురగనిస్తూనే ఉంటుంది. ఉప్పు బోరునీళ్లు వాడే ఊళ్లలో ఎంత ఖరీదైన గడ్డపు సబ్బయినా సరిగా నురగనివ్వకపోవడం సబ్బు తప్పు కాకపోవచ్చు. వాన నీటితో చూసి అప్పుడు తీర్పు చెప్పండి.

నాలుగవ పరీక్ష, పటిక: రెండు చెంచాల పాలలో గాఢమైన పటిక ద్రావణం చుక్కచుక్కగా వేసి కలపండి. పాలు విరుగుతాయి. పటికలోని అల్యూమినియం పాల ప్రోటీనును ముద్దకట్టిస్తుంది. (ఈ పాలు తాగరాదు.) బ్లేడు గీరుకుని నెత్తురు వచ్చినచోట పటిక రుద్దినప్పుడు జరిగేది కూడా ఇటువంటిదే. రక్తంలోని ప్రోటీన్లు గడ్డకట్టి చిన్న గాయం మూసుకుంటుంది. పటిక ప్రకృతిలో దొరికే పదార్థమే. అయితే కర్మాగారాల్లో బాక్సైటు, గంధకామ్లాల నుండి కూడా దాన్ని తయారు చేస్తారు. ఎక్కడ పుట్టినా శుద్ధమైన పటిక పటికే. దాని గుణం పుట్టుకను బట్టి మారదు.

ఆఫ్టర్‌షేవ్ ఎందుకు మండుతుంది?

చాలా ఆఫ్టర్‌షేవ్ ద్రవాల్లో ఆల్కహాలు ఉంటుంది. ఆవిరవుతూ చర్మం నుండి వేడిని తీసుకుంటుంది కనుక చల్లగా అనిపించాలి. మరి గీసిన చెంపపై భగ్గుమంటుందేం? వేడిని గుర్తించే నాడీ తంతువుల్లో కొన్ని మామూలుగా 42 డిగ్రీల సెల్సియస్ దాటితేనే మెదడుకు కబురు పంపుతాయి. ఆల్కహాలు తగిలితే అవి సుమారు 34 డిగ్రీలకే మేల్కొంటాయి. మన ఒంటి వేడి అంతకంటే ఎక్కువే కదా! దాంతో నిప్పు లేకుండానే మంట పుడుతుంది.

ఆల్కహాలు లేని గులాబీ నీరు మండదు. కాని దానికి వేరే ఇబ్బంది ఉంది. నీరు ఎక్కువగా ఉండి, నిలవ ఉంచే మందు లేని ద్రవంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఇంట్లో చేసుకున్నది కొద్దికొద్దిగా చేసుకుని, రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

ప్రకృతిసిద్ధమంటే మెత్తనిదేనా?

కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. అది చెట్టున కాసినదే! నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం బొబ్బలెక్కి నల్లమచ్చలు పడవచ్చు. నిమ్మజాతి కాయల్లో ఉండే ఫ్యూరనోకౌమరిన్లు సూర్యకాంతితో కలిసి ఈ పని చేస్తాయి. సుగంధ తైలాలు కొందరికి పడవు. అందువల్ల కొత్త సబ్బునైనా, ద్రవాన్నైనా ముఖానికి వాడేముందు మోచేతి మడత దగ్గర కొంచెం రాయాలి. సబ్బయితే నీటితో పలచన చేసి, రాసిన కొద్దిసేపటికి కడిగేయాలి. రెండు రోజులు గమనించాలి. దురద, ఎర్రదనం కనిపిస్తే దాన్ని పక్కన పెట్టాలి.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. బ్లేడు, పటిక ముక్క ఒకరివి మరొకరు వాడకూడదు. కంటికి కనిపించని నెత్తురు మరక చాలు, హెపటైటిస్ బి వంటి వ్యాధి సోకడానికి. ఆ వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. పటిక రుద్దాం కదా, క్రిములన్నీ చచ్చాయనుకోవడం పొరపాటు. సెలూన్‌కు వెళ్లినప్పుడు కొత్త బ్లేడు వేయమని అడగండి. అందరికీ రుద్దే పటిక ముక్క వద్దని చెప్పండి. ఇంట్లో కూడా ఎవరి ముక్క వారిదే.

సబ్బు చేతితో చేసినదా, యంత్రంతో చేసినదా అన్న దాన్ని బట్టి మెచ్చుకోవడమూ వద్దు, తీసిపారేయడమూ వద్దు. లెక్క తప్పకుండా చేసిన చేతి సబ్బు ఏ సబ్బుకూ తీసిపోదు. పరీక్షనాళికలో ఏం కనబడిందో అదే చెప్పండి.

ఆలోచించండి

1. 142 గ్రాముల స్టియరిక్ ఆమ్లానికి ఎన్ని గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ సరిపోతుంది?

2. కఠిన జలంలో కూడా కుంకుడు రసం నురగనిస్తుంది గదా. మరి గడ్డపు సబ్బుకు బదులు దాన్ని ఎందుకు వాడరు? మీ మొదటి పరీక్ష పట్టిక చూసి జవాబు రాయండి.

3. గట్టి సబ్బు నెలల తరబడి చెడదు, గులాబీ నీరు చెడుతుంది. కారణం ఏమై ఉంటుంది?