జీతం ఆగితే: తిరుత్తణి నుంచి హైకోర్టు దాకా

నెలాఖరు దాటినా ఫోనుకు బ్యాంకు మెసేజ్ రాలేదు. తిరువళ్ళూరు, తిరుత్తణి చుట్టుపక్కల ప్రభుత్వ కొలువు చేసే మనవాళ్ళు అప్పుడు ముందుగా చేసే పని గుమాస్తాను బతిమాలుకోవడం. "వచ్చే నెల చూద్దాం సార్" అంటాడాయన. ఆ నోటిమాట కోర్టులో నిలవదు. ఎందుకు ఆపారో కాగితం మీదికి రప్పిస్తే సగం కేసు గెలిచినట్టే.

బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కోండి: మీ ఆఫీసులోనా, ట్రెజరీలోనా? ట్రెజరీ తిప్పి పంపితే ఆ అభ్యంతరం నకలు అడగండి. తర్వాత అర్జీ. ఏ నెల జీతం, ఎంత, ఏ ఉత్తర్వూ చూపకుండా ఆపారని రాస్తే చాలు. ఇంటి కష్టాలకు ఒక్క వాక్యమే ఎక్కువ. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో (ఇప్పటి తమిళనాడులో) కలిసింది గనుక ఇంట్లో మాట తెలుగైనా అర్జీ తమిళంలో రాయడమే మేలు. రెండు ప్రతులు పట్టుకెళ్ళి, తపాలు సెక్షన్‌లో మీ ప్రతి మీద సీలు, తేదీ, పొట్టి సంతకం వేయించుకోండి. వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి.

జవాబు లేదా? పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, గడువు 30 రోజులు. "ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే తప్పించుకుంటారు. "జీతం ఆపమన్న ఉత్తర్వు నకలు, ఫైలు నోట్సు ఇవ్వండి" అని అడగండి.

ఇక కోర్టు. తమిళనాడు ఉద్యోగుల ట్రైబ్యునల్ 2006లో రద్దయింది కాబట్టి రాజ్యాంగం 226వ అధికరణ కింద నేరుగా మద్రాసు హైకోర్టులో రిట్ వేయాలి. తపాలా, రైల్వే వాళ్ళయితే చెన్నైలోని కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కు (క్యాట్) వెళ్ళాలి. వకీలుకు ఒక మాట గట్టిగా చెప్పండి: "అర్జీని పరిశీలించండి" అనే ఉత్తర్వుతో సరిపెట్టుకోవద్దని. అధికారి పరిశీలించి కాదంటే కథ మళ్ళీ మొదటికే. జీతంతోపాటు వడ్డీ కూడా అడగాలి. అది అత్యాశేం కాదు. 2020లో కోవిడ్ పేరిట ఆంధ్రప్రదేశ్ వాయిదా వేసిన జీతాలు, పెన్షన్ల మీద ఒక మాజీ జిల్లా జడ్జి కేసు వేస్తే అక్కడి హైకోర్టు 12 శాతం వడ్డీ వేసింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించింది గానీ వడ్డీని మాత్రం కొట్టేయలేదు.

నాన్చకండి. ఆలస్యమైతే బకాయిలను మామూలుగా కేసు వేసిన నాటికి మూడేళ్ళ వెనక్కి మాత్రమే ఇప్పిస్తారు. ఉత్తర్వు చేతికొచ్చాకా అధికారి కదలకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ వేయవచ్చు. దానికి గడువు ఏడాదే.